ఐర్లండ్ ఆవిరి ఇంజను మోడల్ చేద్దామనుకుంటే: ముందు గేజ్, తర్వాతే ఇంజను

ఐర్లండ్ ఆవిరి ఇంజన్ల మీద మోజు పడ్డవాళ్ళు చాలామంది ముందు ఒక అందమైన ఇంజను ఫొటో చూసి మనసు పారేసుకుంటారు, తర్వాత దాని కిట్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు, డబ్బు కట్టి పెట్టె ఇంటికొచ్చాక అప్పుడు పట్టాల సంగతి ఆలోచిస్తారు. ఇంగ్లండ్ ఇంజన్లకైతే ఈ వరస నడుస్తుంది. ఐర్లండ్ ఇంజన్లకి నడవదు. ఇక్కడ గేజ్ (పట్టాల మధ్య వెడల్పు) తేల్చుకోకుండా ఇంజను కొనడమంటే స్థలం కొలతలు చూడకుండా ఇంటి ప్లాను గీయించుకోవడమే.

ఐర్లండ్ పట్టాల మధ్య వెడల్పు 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 1600 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 5 అడుగుల 6 అంగుళాలు, ఇంగ్లండ్‌ది 4 అడుగుల 8½ అంగుళాలు. ఈ మధ్యరకం కొలత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తర్వాతి తలనొప్పులన్నీ అర్థమవుతాయి. 1834 డిసెంబరులో డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్‌కి (ఇప్పటి డన్ లీరి, డబ్లిన్ లోకల్ రైలు డార్ట్ ఎక్కే మనవాళ్ళకి బాగా తెలిసిన స్టేషనే) ఐర్లండ్‌లో మొదటి రైలు నడిచింది, అది ఇంగ్లండ్ గేజ్‌లోనే వేశారు. ఆ తర్వాత ఉత్తరాన బెల్‌ఫాస్ట్ దగ్గర అల్‌స్టర్ రైల్వే వాళ్ళు ఏకంగా 6 అడుగుల 2 అంగుళాలు పెట్టుకున్నారు. డబ్లిన్ నుంచి డ్రోగెడా వేసేవాళ్ళు 5 అడుగుల 2 అంగుళాలు చాలన్నారు. ఈ రెండు లైన్లూ ఏదో ఒక రోజు కలవాల్సినవే కదా, దాంతో పంచాయితీ బ్రిటిష్ ప్రభుత్వ శాఖ బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కి చేరింది. అక్కడ మేజర్ జనరల్ పాస్లీ అనే ఆయన అందరినీ విచారించి మధ్యేమార్గంగా 5 అడుగుల 3 అంగుళాలు అన్నాడు, 1846 గేజ్ చట్టం దాన్ని ఖాయం చేసింది, అల్‌స్టర్ వాళ్ళు వేసిన లైను మార్చుకోవాల్సి వచ్చింది. ఇదే గేజ్ తర్వాత ఆస్ట్రేలియాలో విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాలకీ, బ్రెజిల్‌కీ వెళ్ళింది. కానీ మోడళ్ళు చేసే పెద్ద కంపెనీలేవీ ఈ కొలత కోసం పట్టాలు పోయవు. మనకి సమస్య అక్కడే.

16.5 మిల్లీమీటర్లా, 21 మిల్లీమీటర్లా?

ఐర్లండ్ మోడళ్ళలో ఎక్కువ భాగం 4 మి.మీ. స్కేలులో ఉంటాయి. అసలు ఇంజనులో ఒక అడుగు ఉన్నచోట మోడల్లో 4 మి.మీ. అన్నమాట. ఈ లెక్కన 5¼ అడుగులు 21 మి.మీ. అవ్వాలి. కానీ షాపులో దొరికే ఓఓ గేజ్ పట్టాలు 16.5 మి.మీ. ఇంగ్లండ్ బండ్లకే ఇది ఇరుకు, వాళ్ళకి ఉండాల్సింది 18.83. వాళ్ళ తేడా 2.3 మి.మీ. అయితే ఐర్లండ్ బండ్లకి తేడా 4.5 మి.మీ. అసలు బండి మీదకి మార్చి చూస్తే 13½ అంగుళాలు! పక్కనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఎదురుగా, పట్టాల ఎత్తులో కన్ను పెట్టి చూస్తే మాత్రం పెద్ద శరీరం కింద సన్నటి కాళ్ళు కనబడతాయి. ఒకసారి కనబడిందంటే ఇక కనబడకుండా పోదు, అదీ దీనితో బాధ.

అయినా సరే, మొదటి ఇంజనుకి 16.5 మి.మీ. ఎంచుకోమనే నేను చెబుతాను. కారణం ఇంజను కాదు, పట్టాలు. 21 మి.మీ.కి వెళ్ళాలంటే స్లీపర్లు పరిచి, రాగి పూత ఉన్న వాటి మీద పట్టాలు పెట్టి ఒక్కొక్కటీ టంకం వేసుకుంటూ లైను మీరే వేయాలి. పాయింట్లు, అంటే లైను మారే చోట్లు, అవీ మీరే చేయాలి. అది దానికదే వేరే హాబీ. ఇంజను కట్టడం నేర్చుకుంటూ పక్కనే పట్టాలు కట్టడం కూడా మొదలుపెడితే రెండూ సగంలో ఆగి అటక మీదకి చేరతాయి. అదీ కాక 21 మి.మీ.లో వంపులు వెడల్పుగా ఉండాలి. ఓఓ రెడీమేడ్ బండి 438 మి.మీ. వంపులో తిరిగేస్తుంది, 21 మి.మీ. వాళ్ళు 900 మి.మీ.కి తక్కువ వేయడానికి ఇష్టపడరు. అపార్ట్‌మెంటులో ఒక బెడ్‌రూమ్ గోడ మాత్రమే ఉన్నవాళ్ళకి ఈ ఒక్క లెక్కతోనే నిర్ణయం అయిపోతుంది.

మరి 21 ఎవరికి? బండి గుండ్రంగా తిరగక్కర్లేదు, మీటరో మీటరున్నరో పొడవున్న ఒక చిన్న స్టేషను, నాలుగు పట్టాలు, ఇంజను ముందుకీ వెనక్కీ వెళ్తూ వ్యాగన్లు మార్చుకుంటే చాలు అనుకునేవాళ్ళకి. పాయింట్లు మూడో నాలుగో ఉంటే చేతితో చేసుకోవడం కష్టమేమీ కాదు. ఒక లాభం కూడా ఉంది, ఫ్రేముల (ఇరుసుల్ని పట్టుకునే రెండు పక్క రేకుల) మధ్య చోటు ఎక్కువ దొరుకుతుంది కాబట్టి మోటారు, గేర్‌బాక్సు హాయిగా కూర్చుంటాయి.

మధ్యే దారి కూడా ఒకటి ఉంది, నాకు నచ్చేది అదే. కొంచెం ఆలోచించి కొంటే ఇప్పుడు 16.5లో కట్టి తర్వాత 21కి మార్చుకునే వీలు ఉంచుకోవచ్చు. ఫ్రేముల్ని కలిపే అడ్డ ముక్కలు వేర్వేరు వెడల్పుల్లో ఇచ్చే కిట్లు ఉంటాయి. కొనేముందు అమ్మేవాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఛాసిస్ (చక్రాలు, మోటారు కూర్చునే కింది చట్రం) 21కి వస్తుందా, దానికి సరిపడే పొడవైన ఇరుసులు ఎక్కడ దొరుకుతాయి? జవాబు నీళ్ళు నమిలినట్టు వస్తే వేరేది చూసుకోండి.

7 మి.మీ. స్కేలు గురించి ఒక్క మాటతో సరిపెడతాను. బరువుగా, బ్రహ్మాండంగా ఉంటుంది, ఐర్లండ్ గేజ్ అందులో 36.75 మి.మీ. అవుతుంది, మామూలు ఓ గేజ్ 32. చోటు, డబ్బు, పనితనం మూడూ ఉంటే వెళ్ళండి. అవి మూడూ ఉన్నవాళ్ళకి నా సలహా అక్కర్లేదు.

నేరో గేజ్: గేజ్ గొడవే లేని దారి

ఐర్లండ్ నేరో గేజ్ లైన్లు దాదాపు అన్నీ 3 అడుగుల వెడల్పు. ఇక్కడ లెక్కలు మనకి అనుకూలంగా పడతాయి. 4 మి.మీ. స్కేలులో 3 అడుగులంటే సరిగ్గా 12 మి.మీ., ఆ పట్టాలు షాపులో దొరుకుతాయి. 5.5 మి.మీ. స్కేలులో 3 అడుగులంటే సరిగ్గా 16.5, అంటే మామూలు ఓఓ పట్టాలు, ఓఓ మోటారు ఛాసిస్‌లు అలాగే వాడేయొచ్చు. 7 మి.మీ. స్కేలులో 21 వస్తుంది, అంటే 4 మి.మీ. బ్రాడ్ గేజ్ కోసం చేసుకున్న ట్రాక్ కొలత పరికరాలు దీనికీ పనికొస్తాయి.

ఇందులో దేన్ని ఎంచుకోవాలి? 12 మి.మీ. చూడటానికి సులువుగా అనిపిస్తుంది కానీ ఇంజన్లు చిట్టివి, చక్రాలు ఇంకా చిన్నవి, మోటారు దూర్చడానికి చోటుండదు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 5.5 మి.మీ. స్కేలుకి మనుషుల బొమ్మలు, లైటు స్తంభాలు, ఆవులు ఏవీ రెడీమేడ్‌గా దొరకవు, అన్నీ చేసుకోవాల్సిందే, కానీ ఇంజను పని మాత్రం మూడింట్లో ఇదే తేలిక. ఒక చిన్న ఓఓ ట్యాంకు ఇంజను (నీళ్ళూ బొగ్గూ తన మీదే మోసుకెళ్ళేది) ఛాసిస్ కొని దాని మీద ఇత్తడి రేకుతోనో ప్లాస్టిక్ షీటుతోనో శరీరం కట్టేయొచ్చు.

ఏ లైను అనేది రుచిని బట్టి. డొనిగాల్ లైను జెరేనియం ఎరుపు రంగు ఇంజన్లు, 2-6-4 ట్యాంకులు (ముందు 2 చిన్న చక్రాలు, మధ్యలో నడిపేవి 6, వెనక చిన్నవి 4 అని ఈ అంకెల అర్థం), చూస్తే కళ్ళు తిప్పుకోలేం. అందులో నాలుగు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి, బ్లాంచ్, మీంగ్లస్, డ్రంబో, కొలమ్‌కిల్ అని పేర్లు. ఈ కంపెనీ 1930ల్లోనే డీజిల్ రైల్‌కార్లు నడిపింది కాబట్టి ఒకే స్టేషనులో ఆవిరీ డీజిలూ రెండూ పెట్టుకున్నా ఎవరూ తప్పు పట్టరు. 1959 చివరి రోజుతో పాసింజరు రైళ్ళు ఆగిపోయాయి. పక్కనే ఉన్న లాక్ స్విల్లీ లైనులో 1912లో వచ్చిన రెండు 4-8-4 ట్యాంకు ఇంజన్లు నేరో గేజ్‌కి నమ్మశక్యం కానంత పెద్దవి. ఆ కంపెనీ 1953లో రైళ్ళు మానేసినా పేరులో రైల్వే అని పెట్టుకుని 2014 దాకా బస్సులు నడిపింది, అది వేరే కథ. దక్షిణాన ట్రలీ-డింగిల్ లైను 1891 నుంచి 1953 దాకా, రోడ్డు పక్కనే కొండెక్కుతూ దిగుతూ పోయేది, చివరి ఏళ్ళలో పశువుల సంత రోజులకి మాత్రమే బండి. రెండు ఇంజన్లు కలిసి పశువుల వ్యాగన్లు లాగుతుంటే ఉండే అందం చిన్న లేఅవుట్‌కి సరిగ్గా సరిపోతుంది. అక్కడి 5టీ నంబరు 2-6-2 ట్యాంకు అమెరికా వెళ్ళి 1986లో తిరిగొచ్చింది. క్లేర్ జిల్లా వెస్ట్ క్లేర్ లైను 1961 జనవరి 31 దాకా బతికింది, దాని స్లీవ్ కాలన్ ఇంజను మోయాస్టాలో ఉంది.

శ్రీకాకుళం వైపు వాళ్ళకి నౌపడా-గుణుపూర్ చిన్న రైలు గుర్తుంటే ఈ లైన్ల మీద ప్రేమ పుట్టడానికి ఎక్కువసేపు పట్టదు. అది 2½ అడుగుల గేజ్, ఇది 3 అడుగులు, కానీ పొలాల మధ్య తొందరేమీ లేకుండా పోయే ఆ నడక ఒకటే.

లిస్టోల్-బాలీబునియన్ ఒంటిపట్టా రైలు గురించి అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. 1888 నుంచి 1924 దాకా నడిచింది, ఇంగ్లీషు A అక్షరం ఆకారపు స్టాండ్ల మీద ఒకే పట్టా, దాని మీద జీను వేసినట్టు రెండు బాయిలర్ల ఇంజను. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి కాబట్టి, ఒక పక్క పియానో ఎక్కిస్తే రెండో పక్క ఆవునెక్కించారని, తిరిగొచ్చేటప్పుడు ఆవుకి సమానంగా రెండు దూడల్ని వేసుకొచ్చారని చెప్పుకుంటారు. గాజు పెట్టెలో పెట్టుకోవడానికి బాగుంటుంది. నడిచే మోడల్‌గా మొదటి ప్రయత్నంలో వద్దు.

ఇక ఇంజన్లు: మొదటిది జే15 అయితే మంచిది

బ్రాడ్ గేజ్ అనుకున్నాక అందరి చూపూ మేవ్ మీద పడుతుంది. గ్రేట్ సదరన్ రైల్వేస్ వాళ్ళ 800 క్లాసు, డబ్లిన్‌లోని ఇంచికోర్ వర్క్‌షాపులో 1939-40ల్లో కట్టిన మూడు సిలిండర్ల 4-6-0లు, మొత్తం మూడే: మేవ్, మాఖా, టాల్టె. పురాణాల్లోని రాణులూ దేవతల పేర్లు, నేమ్‌ప్లేట్ మీద ఐరిష్ లిపి, మిగతా ఇంజన్లన్నీ బూడిద రంగులో తిరుగుతుంటే వీటికి మాత్రం ప్రత్యేకమైన ఆకుపచ్చ. డబ్లిన్-కార్క్ మెయిలు కోసం తయారైతే అప్పుడే యుద్ధం వచ్చింది, బొగ్గు లేదు, వాటి సత్తా పూర్తిగా చూపించే రోజులు ఎక్కువ రాలేదు. అందమైనదే, కాదనను. కానీ మోడల్‌గా మొదట చేయాల్సింది కాదు. బయట వాల్షార్ట్స్ గేర్, అంటే చక్రాల పక్కన ఊగే సన్నటి కడ్డీల గుంపు మొత్తం చేయాలి, పొడవైన ఇంజను కాబట్టి వెడల్పు వంపులు కావాలి, పైగా ఇంత చేశాక దాని వెనక పొడవైన ఎక్స్‌ప్రెస్ పెట్టెలు తగిలించకపోతే బోసిగా ఉంటుంది. ఆ పెట్టెలు ఎవరు కడతారు?

దానికి పూర్తి వ్యతిరేకం జే15. 101 క్లాసు అనీ అంటారు. అలెగ్జాండర్ మెక్‌డొనెల్ ఇంచికోర్‌లో ఉండగా మొదలైన 0-6-0 గూడ్సు ఇంజను, 1866 నుంచి 1903 దాకా 111 కట్టారు, ఐర్లండ్‌లో ఇంత సంఖ్యలో ఇంకే క్లాసూ లేదు. గూడ్సు లాగింది, పాసింజరు లాగింది, పశువుల బండి లాగింది, బ్రాంచి లైన్లలో తిరిగింది, 1960ల్లో ఆవిరి ముగిసేదాకా పనిలో ఉంది. మోడల్ చేసేవాడికి దీనర్థం ఏంటంటే, దక్షిణ ఐర్లండ్‌లో మీరు ఏ ఊరు ఎంచుకున్నా, ఏ దశాబ్దం ఎంచుకున్నా ఇది అక్కడ చెల్లుతుంది, వెనక నాలుగు వ్యాగన్లున్నా చాలు. అంతకంటే ముఖ్యమైంది, సిలిండర్లు లోపల ఉంటాయి. బయట కనబడేది మూడు జతల చక్రాల్ని కలిపే కడ్డీ ఒక్కటే. చక్రం 5 అడుగుల 1¾ అంగుళాలు, మోడల్లో 20.6 మి.మీ. కొలతకి దగ్గరగా దొరికే చక్రం వాడుకోవచ్చు. రంగు కూడా బూడిదో నలుపో, గీతలు గీయక్కర్లేదు. గీతలు గీయడం అనేది ఎంత టెన్షనో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. 111 ఇంజన్లు, దాదాపు నూరేళ్ళు, ఏ రెండూ ఒకేలా ఉండవు. కొన్నింటికి గుండ్రటి పైకప్పు ఫైర్‌బాక్సు (బొగ్గు మండే పెట్టె), కొన్నింటికి బెల్పేర్ అనే చదరపు భుజాలది. పాతవాటికి బాయిలర్ ముందున్న పొగపెట్టె తలుపు రెండు రెక్కలుగా తెరుచుకునేది, తర్వాతవాటికి గుండ్రటి ఒంటి తలుపు. టెండర్లు, అంటే వెనక బొగ్గూ నీళ్ళూ మోసే బండ్లు, రకరకాలు. ఇప్పుడు మిగిలిన రెండిట్లోనే ఈ తేడా చూడొచ్చు, 184కి గుండ్రటి ఫైర్‌బాక్సు, 186కి బెల్పేర్. కాబట్టి ఒక నంబరు, ఒక సంవత్సరం, వీలైతే రెండు పక్కల నుంచీ ఫొటోలు దగ్గర పెట్టుకున్నాకే రేకు కత్తిరించండి. కిట్‌లో వచ్చే సూచనల పేపరు చూసి అన్ని ముక్కలూ అతికించేస్తే ఎప్పుడూ లేని ఇంజను తయారవుతుంది.

ఉత్తరం వైపు, అంటే గ్రేట్ నార్తర్న్ రైల్వే కావాలంటే వీ క్లాసు చూడండి. 1932లో బేయర్ పీకాక్ కంపెనీ కట్టిచ్చిన అయిదు 4-4-0లు: ఈగిల్, ఫాల్కన్, మెర్లిన్, పెరిగ్రిన్, కెస్ట్రెల్. అన్నీ వేటపక్షుల పేర్లే. ఆకాశనీలం రంగు, ఎర్రటి ఫ్రేములు, 6 అడుగుల 7 అంగుళాల చక్రాలు, డబ్లిన్-బెల్‌ఫాస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు. రంగు గొడవ పక్కన పెడితే ఇది చూసినంత కష్టం కాదు, ఎందుకంటే వాల్వ్ గేర్ బయట ఊగదు. 1948లో వచ్చిన వీఎస్ క్లాసుకి, లిఫీ, బోయిన్ అని నదుల పేర్లు పెట్టినవాటికి, వాల్షార్ట్స్ గేర్ బయటకి వచ్చేసింది, అందుకని రెండిట్లో ఒకటంటే పాతదే. రెండో ఇంజనుగా నేను దీన్నే చెబుతాను. ఒక జాగ్రత్త: 4-4-0ల బరువంతా ముందు బోగీ (ముందున్న నాలుగు చిన్న చక్రాల చట్రం) మీదకి పోయి నడిపే చక్రాలు జారతాయి. బాయిలర్ వెనక సగంలో సీసం నింపండి, టెండరు బరువు కొంత ఇంజను వెనక భాగం మీద పడేట్టు చూసుకోండి.

అడ్డదారి కావాలా?

టంకం పట్టుకోకుండా ఐర్లండ్ ఇంజను కావాలంటే చరిత్రే ఒక అడ్డదారి ఇచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక లండన్‌లోని వూలిచ్ ఆయుధ కర్మాగారంలో పనివాళ్ళకి పని చూపించడానికి ఇంగ్లండ్ ఎన్ క్లాసు 2-6-0 ఇంజన్ల భాగాలు చేయించారు. అవి కొనేవాళ్ళు లేక మిగిలిపోతే ఐర్లండ్ వాళ్ళు చవకగా తీసుకుని, 5 అడుగుల 3 అంగుళాలకి మార్చి 26 ఇంజన్లు కట్టుకున్నారు, మొదటిది 1925లో బయటికొచ్చింది. వూలిచ్ మొగల్ అని పేరు. తమాషా ఏంటంటే ఎన్ క్లాసు డిజైన్ చేసిన మాన్సెల్ డబ్లిన్ మనిషే, ఇంచికోర్‌లో పెద్ద పదవిలో పనిచేసి వెళ్ళినవాడు, కుర్రతనంలో కొన్నాళ్ళు మన ఈస్ట్ ఇండియన్ రైల్వేలో కూడా ఉన్నాడు. అంటే ఆయన ఇంజను ఆయన ఊరికే తిరిగొచ్చింది.

ఈ ఎన్ క్లాసు ఓఓలో బాక్‌మన్ అనే మోడళ్ళ కంపెనీ రెడీమేడ్‌గా తెచ్చింది. కొత్తది దొరక్కపోతే సెకండ్‌హ్యాండ్ వెతకండి, బూడిద రంగు వేసి నంబరు మార్చండి, ఒక వారాంతంలో ఐర్లండ్ ఇంజను మీ బల్ల మీద ఉంటుంది. నంబరు మాత్రం చూసి వేయండి. 372 నుంచి మొదలయ్యే ఇరవైకి 5½ అడుగుల చక్రాలు, ఈ మోడల్‌కి సరిపోయేవి అవే. 393 నుంచి 398 దాకా ఉన్న ఆరింటికి 6 అడుగుల చక్రాలు, ఆ నంబర్లు వేస్తే తెలిసినవాడు ఎవడో ఒకడు పట్టేస్తాడు.

ఇలాంటిదే ఇంకొకటి ఉత్తరాన ఎన్‌సీసీ (నార్తర్న్ కౌంటీస్ కమిటీ అనే రైల్వే) వాళ్ళ డబ్ల్యూటీ క్లాసు, జీప్ అని ముద్దుపేరు. 1946-50 మధ్య ఇంగ్లండ్‌లోని డార్బీలో కట్టిన 18 ట్యాంకు ఇంజన్లు, ఎల్‌ఎంఎస్ (లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే) కుటుంబ పోలికలు స్పష్టంగా ఉంటాయి, అందుకే ఓఓలో దొరికే ఎల్‌ఎంఎస్ 2-6-4 ట్యాంకుల్ని కోసి మార్చి వీటిని చేస్తుంటారు. కానీ ఇది రంగు మార్చినంత తేలిక కాదు, చక్రాలు, ట్యాంకులు, క్యాబు అన్నీ ముట్టుకోవాలి. 1970లో ఐర్లండ్‌లో చివరిసారిగా పని బండ్లు లాగిన ఆవిరి ఇంజన్లు ఇవే, అదీ రోడ్డు నిర్మాణానికి మట్టి, రాళ్ళు మోసే బండ్లు. మురికి పట్టించి, ముందొకటి వెనకొకటి పెట్టి నడిపితే అదరగొడుతుంది.

ప్లాస్టిక్ షీటు మాత్రమే కోయడం వచ్చినవాళ్ళకి ఒక వింత సలహా. ఇంగ్లండ్‌లో ఇంజన్లు డిజైన్ చేసిన బులీడ్ అనే ఇంజనీరు ఐర్లండ్‌కి వచ్చాక 1957లో సీసీ1 అని పీట్‌తో, అంటే అక్కడి బురదనేలల్లో తవ్వి ఎండబెట్టే ఇంధనంతో నడిచే ఆవిరి ఇంజను తయారు చేశాడు. చూస్తే డీజిల్ ఇంజనులా డబ్బా ఆకారం, కింద రెండు ఆరుచక్రాల బోగీలు, పక్కన కడ్డీలే లేవు, అంతా గొలుసు. ఒక పాత డీజిల్ మోడల్ బోగీల మీద ఈ డబ్బా కట్టేయొచ్చు. ఒక్కటే తయారైంది, మామూలు సర్వీసుకి రాలేదు, కాబట్టి మీ లేఅవుట్‌లో అది ఎందుకుందో మీరే కథ అల్లుకోవాలి.

కిట్టు, రేకులు, పనిముట్లు

రెడీమేడ్‌లో ఐర్లండ్ బండ్లంటే మర్ఫీ మోడల్స్, ఐరిష్ రైల్వే మోడల్స్ లాంటివాళ్ళు ఎక్కువగా డీజిల్ మీదే పెట్టారు. ఆవిరికి వస్తే ఎచ్చింగ్ చేసిన (రసాయనంతో ముక్కలు కోసిన) ఇత్తడి, నికెల్ సిల్వర్ కిట్లే ప్రధానం. స్టూడియో స్కేల్ మోడల్స్ లాంటి చోట పూర్తి కిట్లు దొరుకుతాయి, పొగగొట్టం, డోము లాంటి పోత ముక్కలు కూడా పెట్టెలోనే ఉంటాయి. వర్స్‌లీ వర్క్స్ పద్ధతి వేరు, కోసిన రేకులు మాత్రం ఇస్తారు, మిగతా ముక్కలన్నీ మీరే వెతుక్కోవాలి. రేకు ధర చూసి చవక అనుకోకండి. చక్రాలు, మోటారు, గేర్‌బాక్సు విడిగా కొనేసరికి లెక్క మారుతుంది, చాలా పూర్తి కిట్లలో కూడా ఈ మూడూ ఉండవు. మొదటిసారి అయితే పూర్తి కిట్టే తీసుకోండి.

పని వరస ఇలా పెట్టుకోండి: ముందు ఛాసిస్, దానికి చక్రాలు, చేత్తో తోస్తే ఎక్కడా పట్టేయకుండా దొర్లాలి. అప్పుడే మోటారు. అది రెండు దిక్కులా నెమ్మదిగా నడిచాకే శరీరం మొదలుపెట్టండి. శరీరం ముందు కట్టి మురిసిపోయి, తర్వాత ఛాసిస్ కుంటుతుంటే ఎక్కడ తప్పో పట్టుకోవడానికి ప్రాణం పోతుంది. కుంటడానికి మామూలు కారణం ఒక పక్క చక్రాల కడ్డీ పిన్నుకీ రెండో పక్కదానికీ మధ్య 90 డిగ్రీల తేడా మూడు ఇరుసుల్లోనూ ఒకేలా లేకపోవడం. అది సరిచేశాకా పట్టేస్తుంటే కడ్డీ రంధ్రాన్ని వెంట్రుకంత పెద్దది చేయండి, అంతకు మించి వద్దు.

సోల్డరింగ్ ఐరన్ హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలో ఏదైనా దొరుకుతుంది. 25 వాట్లది సరిపోదు, రేకు వేడిని పీల్చేస్తుంది, 50 వాట్ల దగ్గర ఉండి వేడి తగ్గించుకునే వీలున్నది తీసుకోండి. ఎలక్ట్రానిక్స్‌కి వాడే రోజిన్ ఉన్న తీగ మాత్రం వాడకండి, ఆ జిగురు మిగిలిపోయి పైన రంగు నిలవదు. ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్లక్సు, విడిగా టంకం, పని అయిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్ళతో కడగడం, గది కిటికీ తెరిచి ఉంచడం, ఇంతే. ఫ్లక్సు సీసా విమానంలో రాదు, ఇక్కడే కొనుక్కోండి. కిట్ ఇండియాకి తెప్పించుకునేవాళ్ళు కస్టమ్స్ డ్యూటీ కూడా ధరలో కలుపుకుని చూసుకోండి, డబ్లిన్ నుంచి వచ్చే స్నేహితుడి సూట్‌కేసులో చోటుంటే ఇంకా మంచిది. రేకులు పల్చటి కవరులో వస్తాయి, వంగకుండా రెండు అట్టల మధ్య పెట్టమని చెప్పండి.

నిజంగా ఆవిరితోనే నడవాలంటే

బొమ్మ కరెంటుతో నడిస్తే తృప్తి ఉండదు, నీళ్ళు మరగాలి, పొగ రావాలి అనుకునేవాళ్ళకి నేరో గేజ్ మళ్ళీ కలిసొస్తుంది. 45 మి.మీ. పట్టాల మీద అడుగుకి 15 మి.మీ. స్కేలు వేస్తే 3 అడుగుల గేజ్ సరిగ్గా కుదురుతుంది. గ్యాసుతో మండే చిన్న రాగి బాయిలర్, డాబా మీదో పెరట్లోనో లైను. బాయిలర్ మాత్రం మొదటిసారి తయారైనది కొనండి. వెండి టంకం వేసి బాయిలర్ కట్టడం ఇత్తడి కిట్ కంటే పూర్తిగా వేరే విద్య, ఆవిరి ఎక్కించేముందు చల్లటి నీళ్ళతో నింపి పనిచేసే ఒత్తిడికి రెట్టింపు పెట్టి పరీక్ష చేయాలి, సేఫ్టీ వాల్వు కొలత తెలియాలి. గ్యాసు డబ్బా కూడా ఫ్లక్సులాగే విమానం ఎక్కదు.

మనిషి ఎక్కి కూర్చునే 5 అంగుళాల, 7¼ అంగుళాల గేజ్‌లకి వెళ్తే లేత్ మెషీను, మిల్లింగ్, ఏళ్ళ సమయం కావాలి. అక్కడ జే15 కట్టాలన్నా మళ్ళీ పాత గొడవే: ఇంగ్లండ్ ఇంజను కోసం గీసిన స్కేలులో కడితే ఐర్లండ్ చక్రాలు ఆ పట్టాల మీద ఇరుకవుతాయి, పట్టాలకి తగ్గట్టు స్కేలు తగ్గిస్తే బజారులో దొరికే పోత ముక్కలు ఏవీ సరిపోవు. ఇది ఇంటి దగ్గర క్లబ్బు, దాని లైను ఉన్నవాళ్ళకి మాత్రమే.

కొనేముందు చూడాల్సినవి

ఐర్లండ్‌లో ఉన్నవాళ్ళు మూడు చోట్లకి వెళ్ళిరండి. బెల్‌ఫాస్ట్ నుంచి బ్యాంగర్ వైపు లోకల్ రైల్లో కల్ట్రా దిగితే మ్యూజియంలో మేవ్ నిలబడి ఉంటుంది, పక్కన నిలబడితేగానీ ఆ బాయిలర్ ఎంత లావో తెలియదు, డొనిగాల్ బ్లాంచ్ కూడా అక్కడే. వైట్‌హెడ్‌లో 1964లో మొదలైన రైల్వే ప్రిజర్వేషన్ సొసైటీ ఆఫ్ ఐర్లండ్ వాళ్ళ వర్క్‌షాపు, మ్యూజియం ఉన్నాయి, జే15లూ జీప్ నంబరు 4ఊ వీళ్ళవే, అసలు పట్టాల మీద ఆవిరి బండ్లు నడిపేదీ వీళ్ళే. మూడోది మాలహైడ్, ఇంచికోర్‌లో డ్రాయింగులు గీసే ఉద్యోగి సిరిల్ ఫ్రై చేసిన మోడళ్ళు అక్కడ 'క్యాసినో' అని పేరున్న పాత ఇంట్లో పెట్టారు, డార్ట్ దిగి నడిచి వెళ్ళొచ్చు.

వెళ్ళినప్పుడు ఇంజను ముందు సెల్ఫీలు తర్వాత, ముందు చక్రాల వెనక, ఫ్రేముల లోపల, క్యాబు పైకప్పు కింద, టెండరు వెనకవైపు ఫొటోలు తీసుకోండి. వెబ్‌లో దొరికే ఫొటోలన్నీ ముందు నుంచో పక్క నుంచో తీసినవే. కొలత కోసం ఒక స్కేలు బద్ద ఫొటోలో కనబడేట్టు పట్టుకోమని పక్కవాళ్ళకి ఇవ్వండి, రివెట్ల వరస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కిట్ మీద పని చేసేటప్పుడు ఆ ఫొటోలోనే చూసుకుంటారు.